టాపింగ్ గురించి పాలమూరు దోస్తుకు ఒక ఉత్తరం

నల్లగొండ,
ఆదివారం ఉదయం.

ప్రియమైన పాలమూరు దోస్తుకు,

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి "కలిసినప్పుడు చెప్తా" అని దాటవేశాను గానీ, ఆ రాత్రి పడుకున్నాక అది న్యాయం కాదనిపించింది. పదవీ విరమణ అయిన ఈ నాలుగు నెలలుగా నీకు సరిగా నిద్ర పట్టడం లేదనీ, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి గుండె దడదడలాడుతున్నదనీ, ఎవరితో చెప్పుకున్నా "పాజిటివ్‌గా ఉండండి సార్" అని ఒక మాట అనేసి పోతున్నారనీ చెప్పావు. చివరికి కొంచెం నవ్వుతూ, కొంచెం సిగ్గుపడుతూ, "నువ్వేదో ముఖం మీద వేళ్లతో కొట్టుకునే విద్య నేర్చుకున్నవట గదా, అది పనిచేస్తదా?" అని అడిగావు. ఫోన్లో అయితే ఔననో కాదనో తేల్చేయవలసి వస్తుంది. ఈ ప్రశ్నకు ఆ రెండు జవాబులూ తప్పే. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. తీరికగా చదువుకో, చెల్లెకు కూడా వినిపించు.

ముందు ఆ విద్య నా దగ్గరికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. పోయిన వానాకాలంలో మిర్యాలగూడలో ఒక పెండ్లికి పోయి, చీకటిపడే వేళ స్కూటర్ మీద తిరిగి వస్తూ తిప్పర్తి దాటినాక పడ్డాను. వెనుక నుంచి బియ్యం లారీ ఒకటి ఒక్కసారిగా హారన్ కొట్టడంతో ఉలిక్కిపడి తారు అంచు దిగాను. అంచు కింద అంతా బురద. మెడ కింది ఎముక చిట్లింది, ఆరు వారాలకు అతుక్కుంది. ఎముక అతుక్కున్నా హారన్ మాత్రం నన్ను వదలలేదు. అద్దంకి రోడ్డు మీద లారీలు ఎప్పుడు ఆగుతాయి చెప్పు? ఇంట్లో కూర్చుని అన్నం తింటుండగా దూరం నుంచి హారన్ వినిపించినా అరచేతులకు చెమట పట్టేది. స్కూటర్ మీద కవర్ కప్పి, కాలేజీకి బస్సులో పోవడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు ధ్వని తరంగాల పాఠం చెప్పినవాణ్ణి, ఒక ధ్వనికి ఇంతగా భయపడుతున్నానని ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

అప్పుడు మా కాలేజీలో ఒక సహోద్యోగి నన్ను హైదరాబాద్‌లో రెండు రోజుల తరగతికి తీసుకుపోయాడు. రుసుము ఆరు వేలు. అక్కడ నేర్పిన దాన్ని ఎనర్జీ సైకాలజీ అంటారు, అందులో ఎక్కువ ప్రచారంలో ఉన్న పద్ధతి టాపింగ్. పద్ధతి నిజానికి చాలా తేలిక. భయాన్ని తలచుకుని, అది సున్నా నుంచి పది దాకా ఎంత ఉందో ఒక అంకె వేసుకోవాలి. ఒక అరచేతి అంచును రెండో చేతి వేళ్లతో తట్టుకుంటూ, "లారీ హారన్ వింటే నాకు ఇంత భయం వేస్తున్నా, నన్ను నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను" అని మూడుసార్లు అనుకోవాలి. ఆ తర్వాత భయాన్ని మనసులో పెట్టుకుని కనుబొమ మొదలు, కంటి కొన, కంటి కింద, ముక్కు కింద, గడ్డం మీది గుంట, మెడ కింది ఎముక, చంక కింద, నడినెత్తి, ఇట్లా ఒక్కో చోట ఏడెనిమిది సార్లు తట్టుకుంటూ పోవాలి. చివరికి మళ్లీ అంకె వేసుకోవాలి.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. మీ వదిన చాయ్ తీసుకుని వచ్చి కాసేపు చూసి, "ఏం తప్పు చేసి లెంపలేసుకుంటున్నరు?" అని అడిగింది. వివరం చెప్పాను. అంతా విని, "ఆరు వేలు ఇచ్చొచ్చినందుకైతే వేసుకోవాల్సిందే" అన్నది. ఆమె మాటలో సగం నిజం ఉంది. అదెంతవరకో చెప్పడానికే ఇదంతా.

పది పన్నెండు రోజుల్లో నా భయం ఎనిమిది నుంచి మూడుకు వచ్చిన మాట వాస్తవం. ఇప్పుడు స్కూటర్ తీస్తున్నాను, తిప్పర్తి దాకా పోయి వస్తున్నాను. అయితే ఎందుకు తగ్గింది అన్నది వేరే ప్రశ్న. తరగతిలో చెప్పిన ఆయన లెక్క ప్రకారం, మన ఒంట్లో శక్తి ప్రవహించే నాడుల్లాంటి దారులు ఉన్నాయి, భయం అంటే ఆ దారుల్లో అడ్డు, తట్టితే ఆ అడ్డు తొలగుతుంది. అంతటితో ఆగితే బాగుండేది, కానీ షుగరు నుంచి అప్పుల దాకా అన్నిటికీ ఇదే మందు అన్నాడు. ఫిజిక్స్ చెప్పేవాడికి శక్తి అన్న మాట వినగానే దాన్ని కొలిచే జౌళ్లు గుర్తుకొస్తాయి. ఆ దారుల్ని శరీరం కోసి చూపినవాళ్లు లేరు, ఆ శక్తిని కొలిచిన పరికరమూ లేదు.

ఈ విద్య పుట్టుక నీకు ఆసక్తిగా ఉంటుంది. 1980 ప్రాంతంలో అమెరికాలో రోజర్ కాలహన్ అనే మనస్తత్వవేత్త దగ్గరికి నీళ్లంటే విపరీతమైన భయం ఉన్న ఒకామె వచ్చేది. నీళ్లు తలచుకుంటే కడుపులో ఏదో అవుతున్నదని ఆమె అన్నప్పుడు, చైనా వైద్యం ప్రకారం కడుపు నాడి కంటి కింద మొదలవుతుందని గుర్తొచ్చి, ఆయన అక్కడ తట్టించాడట, భయం పోయిందట. అక్కడి నుంచి ఆయన ఒక్కో బాధకు ఒక్కో వరుస తయారుచేశాడు. 1990ల్లో ఆయన శిష్యుడు గ్యారీ క్రెయిగ్, చదివింది ఇంజనీరింగ్, ఆ వరుసలన్నీ పక్కన పెట్టి అన్నిటికీ ఒకే వరుస చాలన్నాడు. నేను నేర్చుకున్నది ఈయన పద్ధతే. వరుస తప్పితే పనిచేయదన్న గురువుకూ, వరుసతో పనే లేదన్న శిష్యుడికీ ఫలితాలు వచ్చాయంటే, పని చేస్తున్నది వరుస కాదన్నమాట.

2003లో వెయిట్, హోల్డర్ అనే ఇద్దరు కెనడాలో ఈ సంగతినే పరీక్షించారు. 119 మంది విద్యార్థులను తీసుకుని, కొందరిని అసలు చోట్ల తట్టుకోమన్నారు, కొందరిని చేతి మీద ఏవో చోట్ల తట్టుకోమన్నారు, ఇంకొందరి చేతికి బొమ్మనిచ్చి ఆ బొమ్మను తట్టమన్నారు. ఈ మూడు గుంపులకూ భయం తగ్గింది. ఏమీ తట్టని నాలుగో గుంపుకు తగ్గలేదు. బొమ్మను తట్టినా తగ్గిందంటే ఇక నాడుల మాట ఎక్కడిది?

మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి చదువుకునే రోజుల్లో సైకిళ్ల మీద పోయినం, గుర్తుందా? గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద పొద్దంతా కదలకుండా ఒకే స్తంభం నీడ నిలుస్తుంది. ఆ నీడ ఏ స్తంభానిదో చూద్దామని నువ్వు లేచి ఒక్కో స్తంభం ముందు నిలబడ్డావు, అయినా నీడ చెరగలేదు. అది ఏ ఒక్క స్తంభానిదీ కాదు, బయటి వెలుతురూ లోపలి స్తంభాల అమరికా కలిసి వేసిన నీడ. టాపింగ్‌తో తగ్గే భయమూ అటువంటిదే అని నా అభిప్రాయం. భయానికి ఒక పేరు పెడుతున్నాము. దానికి అంకె వేస్తున్నాము. ఈ అంకెల కొలతను అంతకుముందే 1960ల్లో జోసెఫ్ వోల్పే అనే మానసిక వైద్యుడు, భయపెట్టేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనే చికిత్సలో వాడాడు. భయపడినందుకు మనల్ని మనం తిట్టుకోవడం కాసేపు మానుతున్నాము. పారిపోకుండా ఐదు నిమిషాలు ఆ భయంతోనే కూర్చుంటున్నాము, ఈలోపు చేతులకు ఒక పని దొరికి ఊపిరి నెమ్మదిస్తున్నది. ఇన్ని స్తంభాలుండగా నీడను ఒక్క నాడికి కట్టబెట్టడం సరికాదు. అట్లాగని నీడే లేదని కూడా అనలేను, నేను అందులో కూర్చున్నవాణ్ణి. కాబట్టి మూడింటికి మెలకువ వచ్చినప్పుడు చేసి చూడు. నష్టం లేదు, పైసా ఖర్చు లేదు. ఆరు వేలు నీ వంతు కూడా నేనే కట్టాను అనుకో.

ఇక "పాజిటివ్‌గా ఉండండి సార్" సంగతి. ఈ మాట మీద నీకు కోపం వచ్చిందన్నావు, రావలసిందే. మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను చిన్నప్పటి నుంచీ చూశాను. వాళ్లకు కావలసింది మంచి నీళ్లు. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన ఊరి పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అంటారు, అది మనసును మార్చుకోమని చెప్పి సాధించినది కాదు. మీ వైపు బొంబాయికీ పుణెకూ మేస్త్రీల వెంట వలస పోయినవాళ్లకు కూడా ఈ మాట చెప్పి చూడు, ఏమంటారో వింటావు.

కానీ పాజిటివ్ సైకాలజీ అనే శాస్త్రం చెప్పేది ఇది కాదు. దాన్ని మొదలుపెట్టిన మార్టిన్ సెలిగ్మన్, 1998లో అమెరికా మనస్తత్వవేత్తల సంఘానికి అధ్యక్షుడై, ఇన్నేళ్లూ రోగాలను చదివాము, మనిషి బాగుండటానికి కారణాలను కూడా అంతే పట్టుదలగా చదువుదామన్నాడు. అదే మనిషి 1960ల్లో స్టీవెన్ మేయర్‌తో కలిసి కుక్కల మీద ప్రయోగాలు చేశాడు. ఏం చేసినా కరెంటు దెబ్బ ఆగదని అనుభవించిన కుక్కలు, తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదలకుండా పడుకున్నాయి. నిస్సహాయత నేర్చుకుంటే వచ్చేదని యాభై ఏళ్లు అందరూ చదువుకున్నారు. 2016లో ఆ ఇద్దరే మెదడు మీద వచ్చిన కొత్త పరిశోధనలు చూసి, మేము తలకిందులుగా చెప్పామని రాశారు. చాలాసేపు దెబ్బలు తగిలితే చతికిలబడటం మెదడుకు సహజమేనట. నేర్చుకోవలసింది "ఇది నా చేతిలో ఉంది" అన్న సంగతినట. ఇది చదివినప్పుడు నువ్వే గుర్తొచ్చావు. ముప్పై నాలుగేళ్లు పొద్దున తొమ్మిదిన్నరకు సంతకం పెట్టినవాడివి, ఇవాళ పొద్దున లేస్తే నీ చేతిలో పనంటూ ఏదీ లేదు. అది నీ స్వభావంలో లోపం కాదు. చిన్నదైనా సరే, నీ చేతి మీదుగా జరిగే పని రోజుకు ఒకటి కావాలి. మొక్కలకు నీళ్లు పెట్టడమైనా మంచిదే, పక్కింటి పిల్లవాడికి లెక్కలు చెప్పడమైతే ఇంకా మంచిది.

ఈ శాస్త్రంలోనూ తప్పులు దొర్లాయి. మూడు మంచి భావాలకు ఒక చెడు భావం చొప్పున ఉంటే మనిషి వికసిస్తాడని, సరిగ్గా 2.9013 అని నాలుగు దశాంశాల దాకా లెక్కగట్టి 2005లో అచ్చువేశారు. ఉద్యోగం చేసుకుంటూ ఎం.ఎస్సీ. చదువుతున్న నిక్ బ్రౌన్ అనే పెద్దవయసు విద్యార్థికి ఆ లెక్క మీద అనుమానం వచ్చింది. మరో ఇద్దరితో కలిసి, అందులో ఒకరు భౌతిక శాస్త్రవేత్త అలన్ సోకల్, 2013లో ఆ గణితానికి పునాదే లేదని చూపించాడు. సంతోషానికి నాలుగు దశాంశాలట! మన కాలేజీ ల్యాబులో అట్లా రాస్తే మార్కులు కోసేవాళ్లం.

అన్నీ జల్లెడ పట్టాక నా చేతిలో మిగిలినది ఒక చిన్న అలవాటు. 2005లో సెలిగ్మన్ బృందం, వారం రోజుల పాటు ప్రతి రాత్రి ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులనూ, ఒక్కొక్కటి ఎందుకు జరిగిందో కారణాన్నీ రాయమని కొందరికి చెప్పింది. మిగతావారితో పోలిస్తే వాళ్లు ఆరు నెలల తర్వాత కూడా కొంత మెరుగ్గా ఉన్నారు. కిటుకంతా కారణంలోనే ఉందని నా అనుభవం. "బత్తాయి రసం బాగుంది" అని రాస్తే అది పద్దు. "బత్తాయిలు తోట నుంచి తెంపిన రోజే తమ్ముడు పంపించాడు, నాకు పులుపు పడదని వాడికి ఇంకా గుర్తుంది" అని రాసినప్పుడు రసం వెనుక ఉన్న మనిషి కనిపిస్తాడు. మొదటి మూడు రాత్రులు నాకు రెండో సంగతి దగ్గరే పెన్ను ఆగిపోయింది. నాలుగో రాత్రికి, పగలే వెతుక్కోవడం మొదలైంది. నువ్వూ ఒక వారం రాసి చూడు, మరీ మొక్కుబడి కానివ్వకు. కృతజ్ఞతలను వారానికి మూడుసార్లు లెక్కపెట్టుకున్నవాళ్లకంటే ఒక్కసారి లెక్కపెట్టుకున్నవాళ్లకే మేలు జరిగిందని సోన్యా ల్యూబోమిర్‌స్కీ పరిశోధనలో తేలింది. నేనిప్పుడు ఆదివారం ఒక్కరోజే రాస్తున్నాను. ఈ వారం మొదటి సంగతి నీ ఫోను. కారణం దగ్గర ఏం రాశానో చెప్పను, నీకు గర్వం వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం నా మాట కొట్టిపారేయవద్దు. మూడింటికి మెలకువ, గుండె దడ నాలుగు నెలలుగా ఉన్నాయంటే, టాపింగ్ కంటే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. బీపీ, థైరాయిడ్ పరీక్షలు చేయించు. మనసు బాగా కుంగిపోయినట్టు అనిపిస్తే సిగ్గుపడకుండా 14416కు ఫోన్ చేయి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అది, తెలుగులోనే మాట్లాడతారు. మెడ కింది ఎముక చిట్లినప్పుడు నేను దాని మీద తట్టుకుంటూ కూర్చోలేదు, కట్టు కట్టించుకున్నాను గదా.

వచ్చే రెండో శనివారం నేనే వస్తున్నాను. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సు పట్టుకుంటే మధ్యాహ్నం భోజనం వేళకు మీ ఇంట్లో ఉంటాను. సాయంత్రం పిల్లలమర్రి దాకా నడిచి పోదాం. డాక్టరు చీటీ, ఏడు రాత్రుల కాగితం రెండూ సిద్ధంగా పెట్టు. మూడో సంగతి దొరకని రాత్రి ఆ గీత ఖాళీగానే వదిలెయ్, నాకోసమని కల్పించి రాయకు. బత్తాయిలు తెస్తున్నాను, చెల్లెను కొనవద్దని చెప్పు.

నీ
నల్లగొండ దోస్తు