ఉన్నోళ్లను ముందు చూసుకో

హనుమకొండ
ఆదివారం పొద్దున

దోస్త్,

బడిపిల్లల లెక్కల యాప్‌ను తెలుగు చేసే వాలంటీర్ల గుంపు నీ నెత్తిన పడ్డదట గదా! కొత్తోళ్లను ఎట్ల పట్టుకొచ్చుడు అని అడిగినవు. నన్నడిగితే ముందు ఉన్నోళ్ల సంగతి చూడు. నడిచే ఎద్దునే పొడిచినట్టు, వారానికి పది వాక్యాలు చేసేటోని మీదనే ఇంకో యాభై వేస్తరు. మూడు నెలలు తిరిగేసరికి వాడు గ్రూపును మ్యూట్‌ల పెడ్తడు.

ఎక్కువమంది పోయేది జవాబు రాకనే. మొదటి పుల్ రిక్వెస్ట్ ("నేను ఇది మార్చిన, కలుపుకోండ్రి" అని పంపేది) వచ్చినప్పుడు అందరం చప్పట్లు కొడతం, రెండోది మూడు వారాలు అట్లనే పడి ఉంటది. రెండు రోజులల్ల ఏదో ఒకటి చెప్పు. తీరిక లేకుంటే "అందింది, ఆదివారం లోపల చూస్త" అన్నా సాలు. అన్నంక మాత్రం చూడాలె.

"సూపర్ భయ్యా" అని బొటనవేలు పెట్టుడు మెచ్చుకునుడు గాదు. ఏం చేసిండో పేరు పెట్టి చెప్పు. ఇంగ్లిష్‌ల మార్కుల వాక్యం "%1 ఆఫ్ %2" అని ఉంటది; %1 జాగల వచ్చిన మార్కులు, %2 జాగల మొత్తం మార్కులు పడ్తయి. కొత్తోడు వరుస మార్చకుండ "%1లో %2" అని రాస్తడు, పిల్లగానికి తెర మీద "7లో 10" అని కనబడ్తది. ఎవరన్న దాన్ని "%2లో %1" అని తిప్పితే ఇట్ల రాయి: "గుర్తుల వరుస మార్చినవు, ఇప్పుడు 10లో 7 అని కరెక్టుగ వస్తుంది. ఇదే తప్పు భిన్నాల పాఠంల కూడా ఉన్నట్టుంది, చూస్తవా?" మెచ్చినట్టూ అయితది, తర్వాతి పని చేతికిచ్చినట్టూ అయితది.

మాటల మీద లొల్లి తప్పదు. ఒకరు లవం అంటరు, ఇంకొకరు న్యూమరేటర్ అంటరు. సర్కారు బడి పుస్తకంల ఉన్న మాటే మనది అని ముందే ఒక పట్టిక రాసి పెట్టు. లేకుంటే నెల రోజుల పని ఒక్క పూటల తిరగరాస్తరు, రాసినోని మనసు విరుగుతది.

టీషర్టులు, మొదటి ర్యాంకు పట్టికలు వద్దే వద్దు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు సాయం చెయ్యమని అక్టోబర్‌ల నడిపే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌ల, 2020ల ఏమైందో యాదికుందా? నాలుగు పుల్ రిక్వెస్టులకు ఒక టీషర్ట్ అనేసరికి రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయం) ఫైలుల ఒక మాట అటు, ఒక మాట ఇటు మార్చి కుప్పలు తెప్పలుగ పంపిండ్రు. నిర్వాహకులు మధ్యల్నే నియమం మార్చి, మేం ఒప్పుకుంటున్నం అన్న ప్రాజెక్టులనే లెక్కల పట్టవలసి వచ్చింది. లెక్క పెడితే లెక్కకే పని చేస్తరు. ఒక్క వాక్యాన్ని మూడు కమిట్లు (విడివిడిగ నమోదైన మార్పులు) చేస్తరు.

అయినా గిట్ (ఎవరు ఏం మార్చిండ్రో రాసిపెట్టే సాఫ్ట్‌వేర్) లెక్కల కనబడని పని శానా ఉంటది. క్లాసుల యాప్ నడిపించి ఎక్కడ ఆగిపోయిందో ఫొటో తీసి పంపిన టీచరమ్మ పేరు గిట్ షార్ట్‌లాగ్‌ల (ఎవరెన్ని కమిట్లు చేసిండ్రో చూపే జాబితాల) రానే రాదు. ఆమె చెప్పిన తప్పును నువ్వు దిద్దితే కమిట్ మెసేజ్ కింద ఒక లైను ఖాళీ వదిలి, ఇంగ్లిష్‌ల "Co-authored-by:" (కలిసి రాసినోళ్లు) అని ఆమె పేరు, మెయిలు చేర్చు. ఆ మెయిలు ఆమె గిట్‌హబ్ (ప్రాజెక్టు ఫైళ్లు పెట్టుకునే సైటు) ఖాతాకు కలిసి ఉండాలె, లేకుంటే ప్రొఫైల్‌ల పడదు. మెయిలు బయటికి కనబడ్తది గనుక అడిగే పెట్టు. ఖాతా లేకుంటే యాప్‌ల "సాయపడినవారు" పేజీల పేరు చేర్చు.

పది మంచి మార్పులు చేసినోనికి మెర్జ్ చేసే (పంపిన మార్పులను కలిపే) హక్కు ఇచ్చెయ్. భయమైతే మెయిన్ బ్రాంచికి (అసలు కాపీకి) రక్షణ పెట్టి, ఇంకొకరు ఒప్పుకుంటేనే కలిసేటట్టు చెయ్. బాధ్యత మూడు నెలలకే అని చెప్పు. గడువైనంక "ఇంక చేస్తవా, కొన్నాళ్లు ఆగుతవా" అని అడుగు. ఆగుతననేటోనికి మొఖమాటం లేకుండ పోయే దారి ఉంటే, మళ్లీ వచ్చే దారి కూడా ఉంటది.

బతుకమ్మ తొమ్మిది రోజులు, సెమిస్టర్ పరీక్షలు, మార్చిల పదో తరగతి పరీక్షలు — ఈ దినాలల్ల రిలీజు (కొత్త వెర్షన్ విడుదల) పెట్టకు.

ఆదివారం అందరు కలిసి కూసొని పని చేసుడంటే రెండు గంటలు, ఎనిమిది మంది, ఇద్దరికొక ల్యాప్‌టాప్ సాలు. ఫైళ్లు ముందురాత్రే దించుకొని రమ్మను, అందరు ఒక్క ఫోను హాట్‌స్పాట్ మీద పడితే మొదటి గంట డౌన్‌లోడుకే పోతది. చాయ్ ఖర్చు మాత్రం నీదే.

ఇప్పుడైతే పెండింగుల పడి ఉన్న పుల్ రిక్వెస్టులు తెరువు, అన్నిటికంటె పాతదానికి ఇయ్యాల రాత్రిలోపల జవాబు రాయి. రాసినంక నాకు ఫోన్ చెయ్.

ఉంట మరి,
నీ దోస్త్