‘అతివేగం’ అంటే సరిపోతుందా?

సంపాదకుడి గారికి,

మన విశాఖ బీచ్‌రోడ్డులో రాత్రిపూట బైకు ప్రమాదం జరిగితే మర్నాడు ఊరంతా వినిపించే మాట ఒకటే: అతివేగం. ‘కుర్రాళ్ల దూకుడు’ అని నాలుగు మాటలు అనుకుని ఎవరి పనిలో వాళ్లం పడిపోతాం. వేగం తప్పే, కాదనను. కానీ విచారణ అక్కడే ఆపేయకూడదని, వేగమే వృత్తిగా బతికిన ఒక మనిషి ఎన్నో ఏళ్లు పోరాడాడు.

స్కాట్లాండ్‌కు చెందిన జాకీ స్టీవార్ట్ 1969, 1971, 1973లలో ఫార్ములా వన్ కార్ల రేసుల్లో ప్రపంచ చాంపియన్. 1966లో బెల్జియంలోని స్పా రేసులో, మొదటి ల్యాప్‌లోనే వాన ముంచుకొచ్చి ఆయన కారు అదుపు తప్పింది. స్టీరింగు కింద కాలు ఇరుక్కుపోయింది. ఒళ్లంతా పెట్రోలు. ఒక్క నిప్పురవ్వ చాలు. బయటికి తీయడానికి అక్కడ సిబ్బంది లేరు, పనిముట్లు లేవు. అక్కడే కార్లు అదుపు తప్పిన తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండ్యురంట్ ఒక ప్రేక్షకుడి దగ్గర స్పానర్లు అడిగి తెచ్చి, స్టీరింగు ఊడదీసి లాగేసరికి దాదాపు 25 నిమిషాలు పట్టింది. తర్వాత ఎక్కించిన అంబులెన్సేమో ఆస్పత్రికి దారి తప్పింది!

అప్పటినుంచి ఆయన కారులో స్టీరింగు దగ్గరే ఒక స్పానర్‌ను టేపుతో అంటించుకుని రేసులకు దిగేవాడు. సీటుబెల్టులు, ముఖమంతా కప్పే హెల్మెట్లు, ట్రాకు పక్కన బారియర్లు, సరైన వైద్యం ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. ట్రాకుల యజమానులకు కంట్లో నలుసయ్యాడు. రేసింగ్ మజా చెడగొడుతున్నాడని తిట్టినవాళ్లూ ఉన్నారు. అయినా 1973లో తప్పుకునేనాటికి ఆయన గెలిచినవి 27 రేసులు. అంతవరకూ ఎవరూ అన్ని గెలవలేదు. నూరో రేసుకు ముందు ప్రాక్టీసులో సహచరుడు ఫ్రాంస్వా సెవేర్ చనిపోతే, ఆ రేసులో పాల్గొనకుండానే ఆట ముగించాడు. రీల్స్ కోసం హెల్మెట్ తీసేసి బండి ఎగరేసే మన పిల్లలకు ఈయన గురించి ఎవరైనా చెప్పాలి.

పిల్లలకే కాదు, రోడ్లు చూసుకునే అధికారులకూ చెప్పాలి. తెన్నేటి పార్కు దాటి రుషికొండ వైపు రాత్రి ఒకసారి వెళ్లి చూడండి. డివైడర్ మొదలయ్యే చోట సిమెంటు దిమ్మ మీద రంగు వెలిసిపోయి ఉంటుంది. ఎదురు బండి లైటు కళ్లలో పడితే ఆ దిమ్మ కనిపించదు. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మలుపుల్లో పేరుకుంటే నలభైలో వెళ్లేవాడు కూడా బ్రేకు వేయగానే జారతాడు. ఆ మనిషికీ అతివేగమేనా కారణం?

పడిపోయినవాణ్ని లేపడానికి జనం ఇంకా జంకుతున్నారు, కేసుల్లో ఇరుక్కుంటామన్న టెన్షన్‌తో. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఇలా సాయపడేవాళ్లకు రక్షణ ఇస్తోంది. ఈ సంగతి బీచ్‌రోడ్డు పొడవునా బోర్డుల మీద రాయించాలి. శని, ఆదివారాల రాత్రుళ్లు ఒక అంబులెన్స్‌ను అక్కడే ఉంచాలి.

చలాన్లు ఎన్ని రాశారో అధికారులు ఎలాగూ చెబుతారు. ప్రాణం పోయిన ప్రతి చోటా రోడ్డులో ఏం సరిచేశారో, ఎప్పటిలోగా చేస్తారో కూడా ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం