హనుమకొండలో నా పాత డిస్క్‌ను లేపిన తమ్ముడికి

పేరు చెప్పకుండానే వెళ్లిపోయావు తమ్ముడూ, అందుకే ఇక్కడ రాస్తున్నాను. హనుమకొండ చౌరస్తా దగ్గర నా డీటీపీ షాపుకు నోట్సు జిరాక్స్ కోసం వచ్చి, నా మొహంలో టెన్షన్ చూసి ఆగినవాడివి నువ్వే.

పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. హార్డ్ డిస్క్ తీసి కొత్తదాంట్లో పెడితే, బూట్ అయ్యే డిస్కే లేదంటోంది. విండోస్ 10, పత్రికలు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు, ఏళ్ల తరబడి చేసిన పెళ్లి పత్రికలు అన్నీ అందులోనే. పైగా ముహూర్తాల సీజన్! ఫార్మాట్ కొట్టాల్సిందేనని ఒక రిపేరు షాపులో తేల్చేశారు.

"అన్నా, డిస్క్ మంచిగనే ఉన్నది, ముందుగాల కాపీ తీద్దాం" అన్నావు. మొత్తం డిస్క్ బయటి డ్రైవ్‌లోకి ఎక్కాకే మిగతా పని ముట్టుకున్నావు. నాకు అన్నిటికన్నా అదే నచ్చింది. పాత డిస్క్‌లో భాగాల లెక్క రాసుకునే తీరు ఎంబీఆర్ అనే పాతది; కొత్త బోర్డుకు యూఈఎఫ్ఐ అనే కొత్త బూటింగ్ పద్ధతి తప్ప పడదు, దానికి డిస్క్ జీపీటీ అనే కొత్త తీరులో ఉండాలి. విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌తో, డిస్క్ మార్చడానికి వీలవుతుందో లేదో ముందు వ్యాలిడేట్ చేసి, అది సరే అన్నాకే మార్చావు. ఈసారి లోగో కనిపించి, వెంటనే నీలం తెర. నా గుండె జారింది. నువ్వు మాత్రం తాపీగా బయోస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి, బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతిని రెయిడ్ నుంచి ఆ పాత విండోస్‌కు తెలిసిన ఏహెచ్‌సీఐకి తిప్పావు. డెస్క్‌టాప్ వచ్చేసింది, పత్రికల ఫోల్డర్‌తో సహా.

కంప్యూటర్‌తో వచ్చిన పాత లైసెన్సు ఆ బోర్డుతోనే పోయిందన్నావు, కొత్తది కొన్నాను. విండోస్ 10కు మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి కాబట్టి, సీజన్ అయ్యాక 11కు మారతాను.

డబ్బులిస్తే తీసుకోలేదు సరే, జిరాక్స్ పైసలు కూడా టేబుల్ మీద పెట్టి పోతావా? మీ ఇంట్లో ఏ శుభకార్యమైనా పత్రికలు నా ఖర్చే, వచ్చి చెప్పు.