సీలు విప్పకుండానే పరీక్షించిన బ్యాండ్ గురించి

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,

విషయం: మీ లెక్క ప్రకారం నాలుగుసార్లు పరిష్కారమై, నా లెక్క ప్రకారం ఒక్కసారీ కాని ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

మీరు అయ్యగారో అమ్మగారో నాకు తెలియదు. ఎనభై రోజులుగా ప్రయత్నిస్తున్నా మీ కంపెనీలో పేరూ హోదా ఉన్న మనిషి ఒక్కరూ నాకు తగలలేదు. అందుకే రెండూ రాశాను. పనికిరానిది కొట్టేసుకోండి.

నాది గుంటూరు. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మెడలో విజిల్, చేతిలో స్టాప్‌వాచ్, ఇవే నా సరంజామా. పిల్లవాడు పరుగు ముగించి రొప్పుతూ వస్తే వాడి మణికట్టు పట్టుకుని పది సెకన్లు నాడి లెక్కపెట్టి, ఆరుతో హెచ్చవేసేవాణ్ణి. ఆ లెక్క ఒక్కరోజు కూడా 'సర్వర్ సమస్య' వల్ల ఆగిపోలేదు.

అలాంటివాడికి గుండె వేగం చూపే మీ మణికట్టు బ్యాండ్ ఎందుకు అంటారేమో. ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి తిరుమల చేరడం నా అలవాటు. ఈసారి గుండె డాక్టరుగారు కాస్త పగ్గం వేశారు. "220లోంచి మీ వయసు 62 తీసేయండి, 158. అందులో ఎనభై శాతం, అంటే 126 దాటిందా, ఎక్కడున్న మెట్టు మీద అక్కడే కూర్చోండి" అన్నారు. మెట్టుమెట్టుకూ ఆగి వేళ్లతో చూసుకోలేను కదా. ఛాతీకి కట్టుకునే పట్టీ గుండెలో పుట్టే విద్యుత్తునే పసిగడుతుంది కాబట్టి శ్రమపడేటప్పుడు దాని లెక్కే నమ్మకమైనదని నాకు తెలుసు. అయితే చొక్కా కింద ఆ బిగింపుతో, చెమటతో కొండెక్కే ఓపిక నాకు లేదు. మణికట్టు బ్యాండ్ చర్మం మీద పచ్చ వెలుగు వేసి, రక్తం ఎంత పీల్చుకుందో చూసి లెక్క కడుతుంది. చెయ్యి ఊగినా, పట్టీ వదులైనా కాస్త తప్పుతుంది. నాలుగంకెలు అటూ ఇటూ అయినా నా పనికి చాలుననుకున్నాను. ఇంత ఆలోచించే జనవరి 9న మీ వెబ్‌సైట్‌లోనే 3,499 రూపాయలు కట్టి కొన్నాను. ఈ వివరమంతా ఎందుకంటే, పెద్దాయన తెలియక కొన్నాడన్న ధోరణి మీవాళ్ల ప్రతి మాటలోనూ వినపడింది.

లోపం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. తిరుమలకు ముందు సాధనగా ఉంటుందని ఫిబ్రవరి 5న మంగళగిరి కొండ మెట్లెక్కాను. నాకు ఆయాసం, బ్యాండ్‌కు మాత్రం 74. వేళ్లతో పట్టుకుంటే పది సెకన్లకు 22, అంటే 132. గబగబా కూర్చున్నాను. దిగి వచ్చాక 74, భోంచేశాక 74. అనుమానం తీరక వంటింట్లో ఉన్న సొరకాయకు కట్టాను. దానికీ 74.

ఇదీ లోపం. వస్తువన్నాక చెడుతుంది, దానికి నాకు కోపం లేదు. నా సర్వీసులో మూడు స్టాప్‌వాచ్‌లు చెడిపోయాయి, ఎవరికీ ఉత్తరం రాయలేదు. ఈ ఉత్తరం ఆ తరువాత జరిగినదాని గురించి.

ఫిబ్రవరి 6న మొదటి ఫోను. తెలుగు కోసం 4 నొక్కమన్నారు, నొక్కాను. పంతొమ్మిది నిమిషాలు సంగీతం. మధ్యమధ్య ఒకావిడ "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంటూనే ఉంది. ముప్పై ఒక్కసార్లు అంది. లెక్కపెట్టడం నా వృత్తి, ఏం చేయను. చివరికి తెలుగు మీటకు హిందీ అబ్బాయి పలికాడు. నాకు వచ్చిన హిందీ ఇంటర్వెల్లో హిందీ పండితులవారి దగ్గర నేర్చుకున్నదే. దానితోనే నెట్టుకొచ్చాను. బ్యాండ్ ఇప్పుడు ఎవరి చేతికి ఉంది అని అడిగాడు. సొరకాయకు కట్టి ఉంది అన్నాను. ఆ కాయను హిందీలో ఏమంటారో నాకు తెలియదు, తెలుగులోనే అన్నాను. రాసుకున్నాడు. తరువాత వరసగా ప్రశ్నలు: వారి చేతి మీద పచ్చబొట్టు ఉందా? వెంట్రుకలు దట్టంగా ఉన్నాయా? చెమట ఎక్కువా? "నున్నగా ఉంటుంది నాయనా, చెమట పట్టదు" అన్నాను. చాలా సంతోషించాడు. పది నిమిషాల్లో నా ఫోనుకు సందేశం వచ్చింది: "ప్రియమైన సొరకాయ గారూ, మీ ఫిర్యాదు నమోదైంది."

మా ఆవిడ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. నేనూ నవ్వాను. అప్పటికింకా నవ్వే ఓపిక ఉంది.

రెండో ఫోనుకు బ్యాండ్ ఆపి మళ్లీ వేయమన్నారు. మూడోదానికి యాప్ తీసేసి మళ్లీ పెట్టమన్నారు. నాలుగోదానికి, అంతకుముందు ఏం చేశారో చెప్పమన్నారు. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ మొదటి నుంచి కథ. ముందు మాట్లాడినవారు రాసి పెట్టలేదా అని అడిగితే "మాకు అది కనిపించదు సార్" అన్నారు. సొరకాయ గారన్న పేరు మాత్రం అందరికీ కనిపించింది.

ఫిబ్రవరి 14న పదింటికీ ఆరింటికీ మధ్య మీ నిపుణుడు ఫోను చేస్తాడని చెప్పారు. ఆ రోజు వాకింగ్ మానేశాను. ఫోను బల్ల మీద పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. స్నానానికి వెళ్తే మా ఆవిడ తలుపు దగ్గర ఫోను పట్టుకుని నిలబడింది. ఎడమచేత్తో ఫోను పట్టుకునే అన్నం తిన్నాను. ఆరూ అయిదుకు ఫోను మోగింది. సందేశం: "మిమ్మల్ని మూడుసార్లు సంప్రదించాం. మీరు అందుబాటులో లేరు. ఫిర్యాదును ముగించాం." ముప్పై రెండేళ్లలో తొమ్మిదిన్నర బెల్లుకు నేను మైదానంలో లేని రోజు లేదు. నన్నా మీరు అందుబాటులో లేననడం?

సరే, స్వయంగా వెళ్దామని అడిగితే విజయవాడ బీసెంట్ రోడ్డులో సర్వీస్ సెంటర్ అని చిరునామా ఇచ్చారు. ఫిబ్రవరి 22న బస్సెక్కి వెళ్లాను. రోడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు తిరిగి, అడిగి అడిగి, రెండంతస్తులు ఎక్కితే అక్కడ జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. మెడలో టేపు వేసుకున్న దర్జీ నన్ను చూడగానే "వాచీ సంగతేనా అండీ? కూర్చోండి" అన్నాడు. నాలుగు నెలలుగా నాలాంటివాళ్లు వస్తూనే ఉన్నారట. చల్లటి మంచినీళ్లు ఇచ్చాడు. మీ కంపెనీ తరఫున ఇంతవరకు నాకు అందిన సేవ అదొక్కటే, అదీ మీ మనిషి చేసింది కాదు.

ఆ రాత్రి మీ యాప్ నన్ను మెచ్చుకుంది. 10,000 అడుగుల లక్ష్యం దాటానట, శభాష్ అట. ఆ పదివేల అంకె వైద్యులు కూర్చుని తేల్చింది కాదని మీకూ తెలిసే ఉంటుంది. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరుకు 'పదివేల అడుగుల మీటరు' అని అర్థమొచ్చేలా 'మాన్‌పోకే' అని పేరు పెట్టారు, అంకె అలా పాకింది. అంకె ఎవరిదైతేనేం, మీ సర్వీస్ సెంటర్ కోసం వెతికించి మీ లక్ష్యం మీరే పూర్తి చేయించారు. ఇదేమైనా కొత్త పథకమా?

ఇక అసలు విషయం. ఇక్కడి నుంచైనా దయచేసి జాగ్రత్తగా చదవండి.

మార్చి 3న మీవాళ్లు చెప్పినట్టే బ్యాండ్‌ను దాని అట్టపెట్టెలో పెట్టి కొరియర్‌లో పంపాను. పరీక్షల డ్యూటీలో జవాబు పత్రాల కట్టలకు సీలు మీద అడ్డంగా సంతకం చేసి చేసి చేతికి అలవాటైపోయింది. పెట్టె చుట్టూ గోధుమరంగు టేపు వేసి, సగం టేపు మీద, సగం అట్ట మీద పడేలా రెండు వైపులా సంతకం చేశాను. పక్కన తేదీ కూడా వేశాను. మార్చి 19న పెట్టె తిరిగొచ్చింది. పైన అంటించిన ప్లాస్టిక్ సంచిలో ఒక కాగితం: "మా ఇంజనీర్లు క్షుణ్ణంగా పరీక్షించారు. ఎలాంటి లోపమూ లేదు."

టేపు నేను వేసినదే. సంతకం ఎక్కడా తెగలేదు. 'మార్చి'లో 'ర్చి' గుడి టేపు అంచు దాటి అట్ట మీద సన్నగా సాగింది, అది కూడా వెంట్రుకవాసి పక్కకు జరగలేదు.

మీ ఇంజనీర్లు పెట్టె విప్పకుండానే లోపలి యంత్రాన్ని పరీక్షించగలిగితే వారిని బ్యాండ్‌ల దగ్గర ఎందుకు వృథా చేస్తున్నారు? ఏదైనా పెద్దాసుపత్రికి పంపండి, స్కానింగ్ ఖర్చు తగ్గుతుంది.

ఆ రోజే ఫోను చేసి పైవారిని పిలవమని పట్టుబట్టాను. ఆయనకు టేపు సంగతి నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ ఒకటే జవాబు: "పరీక్షించినట్టు సిస్టంలో ఉంది సార్." విప్పకుండా ఎలా పరీక్షిస్తారు బాబూ అంటే, "సిస్టంలో ఉంది సార్." రాని పిల్లవాడికి హాజరు వేసిన రిజిస్టరును చూపించి వాడు బడికి వచ్చాడని వాదించే మేస్టర్లను నేను చూడకపోలేదు. వాళ్లు కనీసం మొహం పక్కకు తిప్పుకునేవారు.

మధ్యలో ఇంకొకటి. మార్చి 14 నా పుట్టినరోజు. ఉదయం ఆరింటికల్లా మీ శుభాకాంక్షలు వచ్చాయి. "మీ బ్యాండ్‌తో ఈ రోజును ఆరోగ్యంగా గడపండి" అని ఉంది. బ్యాండ్ ఆ రోజు మీ దగ్గరే ఉందండీ. కొత్తది కొంటే పది శాతం తగ్గింపు కూడా ప్రకటించారు. అమ్మడానికి నా నంబరు తెల్లవారుజామునే దొరుకుతుంది, బదులు చెప్పడానికి మాత్రం నేను అందుబాటులో ఉండను.

ఏప్రిల్ 9న మాట్లాడిన అమ్మాయి ఒక్కతే మనిషిలా మాట్లాడింది. తెలుగమ్మాయి. మొదటి నుంచి చివరిదాకా విన్నది, సొరకాయ దగ్గర నవ్వింది, టేపు దగ్గర ఆగిపోయింది. కాసేపటికి గొంతు తగ్గించి, "మాస్టారూ, నేను ఎంత వివరంగా రాసినా పైన ఎవరూ చదవరండీ. రెండు రోజులకు దానంతట అదే ముగిసిపోతుంది" అంది. నిజంగానే రెండు రోజులకు ముగిసిపోయింది. నాకు ఒళ్లు మండింది అప్పుడే. ఎవరో విని కాదన్నారంటే వాదించుకోవచ్చు. ఎవరూ విననే లేదంటే ఎవరితో వాదించను?

మీ వస్తువు నాకు కొత్తది కాదు. 2017లో నడుముకు తగిలించుకునే మీ అడుగుల మీటరు కొన్నాను. అప్పటికి మా మైదానంలో మీ పేరు పలకడం కూడా ఎవరికీ రాదు. 2021లో మొదటి బ్యాండ్, ఇప్పుడు ఇది. పొద్దున్నే నాతో నడిచేవాళ్లలో ఏ పరికరం కొనాలో నన్నడగనివారు లేరు. తాడాట చాలు అనుకున్నవాడికి తాడే కొనమన్నాను, మోకాళ్ల నొప్పి ఉన్నాయనకు అసలేమీ వద్దన్నాను. బ్యాండ్ కావాలన్న పదకొండు మందికి మాత్రం మీదే చెప్పాను. ఒక్క రూపాయి కమీషన్ లేకుండా పదకొండు అమ్మకాలు! ఇప్పుడు వాళ్లు రోజూ నా ముందుకు మణికట్లు చాపి "మాస్టారూ, ఇది నిజం చెబుతోందా, సొరకాయ లెక్కా?" అని అడుగుతున్నారు. నేను విజిల్ వేసి, పది సెకన్లు లెక్కపెట్టి చెబుతున్నాను. రిటైరైనా డ్యూటీ తప్పలేదు.

సొంత వెబ్‌సైట్‌లో అమ్మే మీలాంటివారు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. 48 గంటల నియమం మీరు పాటించారు, సొరకాయ పేరు మీద. నెల మాత్రం రెండు నెలలు దాటింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనూ చెప్పుకోవచ్చు. అక్కడ తెలుగంటే తెలుగే అయి ఉంటుందని ఆశ. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు, రెండేళ్ల గడువుంది. రిటైరైన మనిషికి కావలసినంత తీరిక ఉందని మీరు మరచిపోతున్నారు. వాయిదాకో బస్సు టికెట్టు, అంతే కదా. ఆ పెట్టెను ఇంతవరకు విప్పలేదు. కమిషన్ వారి ముందే విప్పుతాను.

డబ్బు వాపసు అడుగుతున్నానా అంటే, అదీ అడుగుతున్నాను. కొరియర్‌కు, విజయవాడ బస్సుకు అయిన ఖర్చు కూడా. కానీ అది ముందు పంపి చేతులు దులుపుకోవద్దు. ముందు నాకొక ఉత్తరం రావాలి. కింద మనిషి సంతకం ఉండాలి, ఆ మనిషికి పేరుండాలి, మార్చి నెలలో నా పెట్టెను ఎవరు పరీక్షించారో, దేనితో పరీక్షించారో అందులో ఉండాలి. తెలుగులో ఉంటే మంచిది. ఆ పదకొండు మంది బ్యాండ్‌లు కూడా ఎవరైనా వచ్చి చూడాలి, పెట్టెల్లోంచి తీసి చూడాలి. మే 15 వరకు చూస్తాను.

ఇంకొక మాట. ఏప్రిల్ 9న నాతో మాట్లాడిన అమ్మాయి ఎవరో వెతికి ఆమెను ఏమైనా అన్నారో, అప్పుడు నేను అడిగేది 3,499 రూపాయలు కాదు.

ఇట్లు,
మీ రికార్డుల్లో 'అందుబాటులో లేరు' అని ఉన్న
రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు,
గుంటూరు. ఏప్రిల్ 27.

జత చేసినవి: బిల్లు నకలు, టేపు మీద సంతకాల ఫోటోలు రెండు, మీ "లోపం లేదు" కాగితం నకలు, 74 చూపిస్తున్న సొరకాయ ఫోటో ఒకటి. సొరకాయను పంపలేకపోతున్నాను. వారు ఫిబ్రవరి 7నే పులుసులోకి వెళ్లారు. మీ రికార్డుల్లో వారి పేరు ఇంకా ఉంది, దయచేసి మార్చండి.