మంత్రి గారూ, మా అమ్మ పడుకున్న వరండా గురించి

వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం సార్. నేను వార్డులో ఉండగా ఒకసారి, డిశ్చార్జి అయ్యాక ఇంకోసారి మా ఆయన సోమవారం ప్రజావాణిలో లైన్లో నిలబడి అర్జీ ఇచ్చిండు. రెండుసార్లూ రసీదు ఇచ్చారు, అంతే. అందుకే ఇట్లా అందరి ముందు రాస్తున్నా, తప్పుగా అనుకోకండి.

నాకు కవలలు సార్. ఇద్దరికీ ఒకటే మాయ, ఒకరికి రక్తం ఎక్కువ పోయి ఇంకొకరికి తక్కువ అయ్యే ప్రమాదం ఉందని 27 వారాలకే పెద్దాసుపత్రిలో అడ్మిట్ చేసుకున్నారు, 34 వారాలు దాటినాక సిజేరియన్ అయింది. 51 రోజులు. డాక్టర్లని ఒక్క మాట అనను. స్కానింగులు, పిల్లల ఊపిరితిత్తులకి ఇంజెక్షన్లు, రోజూ గుండె చప్పుడు చూడటం, అన్నీ చేశారు, పైసా అడగలేదు. నేను అడిగేది నా పక్కన ఉన్న మనిషి గురించి.

పేషెంట్ దగ్గర ఒక ఆడమనిషి ఉండాల్సిందే అన్నారు, మా అమ్మ వచ్చింది. నన్ను బాత్రూంకి పట్టుకుని తీసుకుపోవాలి, బట్టలు ఉతకాలి, రిపోర్టులకి ఆ బిల్డింగు నుంచి ఈ బిల్డింగుకి తిరగాలి. రాత్రి తొమ్మిది కాగానే మంచాల మధ్య పడుకోవద్దని వరండాలోకి పంపేస్తారు, నాకు కడుపు గట్టిపడితే ఫోన్ కొడితే లేచి వచ్చేది. వాన జల్లు కొట్టిన రాత్రులు చాప చుట్టి చంకలో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చునే ఉండేది. మోకాళ్ల నొప్పులున్న మనిషి సార్, కాన్పుకి ముందూ తర్వాతా కలిపి మొత్తం 69 రోజులు.

ఇంక తిండి. భోజనం నాకు ఒక్కదానికే ఇస్తారు. ఇద్దరు పిల్లలు, బాగా తినాలమ్మా అని డాక్టరమ్మ రోజూ చెప్పేది. నేను సగం అన్నం పక్కకి తీస్తే అమ్మ నాకు ఆకలి లేదు బిడ్డా అనేది, నేను గుడ్డు మొత్తం తినేదాకా నా నోటి వైపే చూసి, అప్పుడు ఆ మిగిలిన అన్నంలో చారు పోసుకునేది. పూట పూటా బయట కొనుక్కుని తినాలంటే మా ఆయన ఆటో సంపాదన సరిపోదు. ఆడవాళ్లకి ఫ్రీ బస్సు ఉంది కాబట్టి మా అత్తమ్మ వారానికి రెండుసార్లు బాక్సు తెచ్చేది, అది మాత్రం మాకు నిజంగా ఆసరా అయింది, ఉన్నమాట చెప్పాలి.

కాన్పు అయ్యాక పిల్లలు ఒకరు 1.6 కిలోలు, ఒకరు 1.3. కంగారూ కేర్ అని బట్టలు లేకుండా ఛాతీ మీద ఆనించి గంటలు గంటలు పెట్టుకోమన్నారు. కుట్లు నొప్పితో నేను ఇద్దర్ని ఎట్లా పెట్టుకోను సార్? పెద్దదాన్ని నేను, చిన్నదాన్ని అమ్మ. 18 రోజులు ఆ 1.3 కిలోల పిల్లకి మా అమ్మ ఒంటి వేడే మందు. మరి వైద్యంలో సగం పని చేసిన మనిషిని అటెండెంట్ అని రాసి, ముద్ద అన్నం లెక్కలో కూడా వేయకపోతే ఎట్లా?

2022లో హైదరాబాద్‌లో 18 ఆసుపత్రుల్లో అటెండెంట్లకి 5 రూపాయల భోజనం మొదలుపెట్టారు కదా. మా దగ్గర లేదు. అది కావాలి. వెన్ను వాల్చడానికి ఒక గది కావాలి, తలుపు పడే బాత్రూం కావాలి. నెలల తరబడి ఉండేవాళ్ల కోసమైనా ఇవ్వండి సార్, దండం పెట్టి అడుగుతున్నా, ఒక పూట భోజనం అయినా సరే.

నేను ఖాళీ చేసిన మంచం మీదకి అదే రోజు ఇంకో కవలల తల్లి వచ్చింది. వాళ్లమ్మ మా అమ్మని అడిగి ఆ చాప తీసుకుంది. ఒక్కసారి రాత్రి పది దాటాక, ఎవరికీ చెప్పకుండా వచ్చి ఆ వరండాలో నడవండి సార్.

ఇట్లు,
ఇద్దరు ఆడపిల్లల తల్లి