నా చికిత్సకూ, నా వీధి కుక్కలకూ తోడు నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

నాకు లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, అని తేలిన 2025 జూన్ నెలాఖరు నుంచి ఇప్పటి వరకు నా వైద్యానికి డబ్బు పంపినవారికి, రక్తం ఇచ్చినవారికి, నన్ను ఆసుపత్రికి తీసుకువెళ్ళి జాగ్రత్తగా ఇంటికి చేర్చినవారికి, నేను చేయలేకపోయిన జంతువుల షెల్టర్ పనినీ, విశాఖ కంచరపాలెం వీధుల్లో నేను అన్నం పెట్టే ముప్పై ఎనిమిది కుక్కల బాధ్యతనూ తమ నెత్తిన వేసుకున్నవారికి ఎన్నడో చెప్పవలసిన మాట ఇది. చికిత్స జరుగుతున్నన్నాళ్ళూ చేతివేళ్ళ తిమ్మిరి వల్ల నాలుగు వాక్యాలు రాయడమే గగనమైపోయింది. డిసెంబరులో ఒళ్ళంతా క్యాన్సర్ జాడ వెతకడానికి తీసిన పెట్ స్కాన్‌లో వ్యాధి జాడ కనిపించలేదని డాక్టర్లు చెప్పారు. ఆ కబురు ముందుగా మీకు చెప్పి, తర్వాత మిగతా విషయాలు రాయాలని ఈ రోజు కూర్చున్నాను.

నన్ను ఎరగకుండానే సాయం చేసినవారు చాలామంది ఉన్నారు కనుక నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో ఆఫీసు పని చేస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చిపెట్టిన మర్నాడు, మా వీధి చివర కూలిన చెట్టు కింద నడుము విరిగి పడి ఉన్న ఒక కుక్కను తోపుడు బండి మీద వేసుకుని షెల్టర్‌కు తీసుకువెళ్ళాను. అది మూడో రోజున చనిపోయింది. నేను మాత్రం అక్కడికి వెళ్ళడం మానలేదు. అప్పటి నుంచి నా ఆదివారాలన్నీ పురుగులు పట్టిన పుళ్ళు కడగడంలోనూ, సెలైన్ ఎక్కుతున్నంతసేపూ కుక్క కాలు కదలకుండా పట్టుకోవడంలోనూ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి చెవి కొన కత్తిరించిన కుక్కలను పట్టుకున్న వీధిలోనే తిరిగి దించి రావడంలోనూ గడిచాయి.

నా జబ్బును మొదట గుర్తించింది మా షెల్టర్ పశువైద్యులే. మెడ పక్కన గడ్డ లేచి అప్పటికి మూడు నెలలైంది. మొదట చూపించుకున్న చోట ముక్క తీసి పరీక్షకు పంపకుండానే టీబీ అనుకుని మందులు మొదలుపెట్టారు. నేను వాటిని వేళ తప్పకుండా వేసుకుంటున్నా గడ్డ తగ్గలేదు సరికదా, చంకలో మరొకటి తగిలింది. ఒక ఆదివారం డాక్టరు గారు ఒక ముసలి కుక్క దవడ కింద గ్రంథులను వేళ్ళతో తడిమి చూస్తూ, దాన్ని పట్టుకుని కూర్చున్న నా మెడ వైపు చూసి చేతిలో పని ఆపేశారు. "అమ్మా, ఇది టీబీ అని ఎవరు చెప్పారు? బయాప్సీ చేశారా?" అని అడిగారు. చేయలేదన్నాను. మర్నాడు నేను స్కూలుకు వెళ్ళకుండా ఆయనే వచ్చి నన్ను బయాప్సీకి తీసుకువెళ్ళారు. డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా, మూడో దశ అని రిపోర్టు వచ్చింది. ఆ ఆదివారం ఆయన చూపు నా మెడ మీద పడకపోయి ఉంటే నేను ఇంకెన్ని నెలలు టీబీ మాత్రలు మింగుతూ ఉండేదాన్నో తలచుకుంటేనే భయం వేస్తుంది. డాక్టరు గారూ, మీ ఎదురుగా నిలబడి ఈ మాట చెప్పబోతే ప్రతిసారీ మీరు వేరే మాటలోకి దాటవేస్తున్నారు కనుక అందరి ముందూ రాస్తున్నాను.

అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో చికిత్స మొదలైంది. ఇరవై ఒక్క రోజులకు ఒకటి చొప్పున ఆరు కీమో సైకిళ్ళు. మొదటి రోజున నర్సమ్మ చేతిలో ఉన్న మందు సంచి మీద విన్‌క్రిస్టీన్ అన్న పేరు చదివి ఒక్క క్షణం నాకు మాట రాలేదు. వీధి కుక్కలకు జననాంగాల దగ్గర వచ్చే ఒక అంటు క్యాన్సర్ ఉంది. అందులో క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటుకుంటాయి. దానికి వారానికి ఒకసారి ఇచ్చే మందు ఇదే. నాలుగు నుంచి ఆరు వారాల్లో నెత్తురోడే గడ్డలు కరిగి, కుక్క మామూలుగా తిరగడం నేను ఎన్నోసార్లు కళ్ళారా చూశాను. ఆ మందు మన గుమ్మాల ముందు పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చిందని మా డాక్టరు గారు ఏనాడో చెప్పారు. నరంలోంచి చుక్క బయటికి పోయినా చుట్టూ ఉన్న కండ పాడైపోతుందని, కుక్క కాలు ఊపిరి బిగబట్టి పట్టుకునేదాన్ని. ఈసారి ఆ చేయి నాది. నర్సమ్మ సెలైన్‌తో నరం సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసి, "మంట అనిపిస్తే వెంటనే చెప్పమ్మా" అని మందు వెళ్ళినంతసేపూ నా మణికట్టు మీద నుంచి కళ్ళు తీయలేదు. మా షెల్టర్‌లో కుక్కలకు ఈ ఇంజెక్షన్ ఇచ్చిన చేతులకు దండం పెట్టుకోవాలనిపించింది, ఎందుకంటే వాటిని చూసి ఉండడం వల్లే ఆ రోజు నాకు ధైర్యం వచ్చింది. ఆ వార్డులోని నర్సమ్మలందరికీ, రక్త పరీక్షల దగ్గర గంటల తరబడి నిలబడి పనిచేసే పిల్లలకూ నా నమస్కారాలు.

అసలు కష్టం సూదుల దగ్గర రాలేదు. చికిత్స పూర్తయి కొన్ని నెలలు గడిచే దాకా జంతువుల దగ్గరికి వెళ్ళకూడదని ఆసుపత్రి డాక్టర్లు ఖండితంగా చెప్పారు. తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో చిన్న గోరు గీత కూడా ప్రాణం మీదికి తేవచ్చునట. పైగా నాకు ఇస్తున్న మందుల్లో ఒకటి శరీరంలో ప్రతిరక్షకాలను తయారుచేసే కణాలనే తుడిచిపెడుతుంది కనుక, కుక్క కరిస్తే రేబిస్ టీకా వేసినా అది సరిగ్గా పట్టకపోవచ్చునట. వారు చెప్పింది న్యాయమే. అయినా ఆ రాత్రి ఇంటికి వచ్చి, నూకలూ కోడికాళ్ళూ ఉడికించే పెద్ద గిన్నె ముందు కూర్చుని, చికిత్స ఒక నెల వెనక్కి జరిపితే ఏమవుతుందని ఆలోచించిన మాట నిజం. ఆ ఆలోచన తప్పని ఇప్పుడు తెలుసు. అప్పుడు నా కళ్ళ ముందు ఉన్నది మాత్రం, సాయంత్రం ఏడయ్యేసరికి పాల బూత్ దగ్గర నా అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునే గుడ్డి కుక్క జున్ను ఒక్కటే.

అందుకే నా మొదటి కృతజ్ఞత మా వీధి పదో తరగతి పిల్లలు నలుగురికి. వీరి పేర్లు రాయను, తల్లిదండ్రులకు తెలుసు. నేను ఎవరినీ అడగకముందే వీరు వచ్చి, "ఆంటీ, ఏ కుక్క ఎక్కడ ఉంటుందో, ఏది ఏం తింటుందో చెప్పండి, మేం రాసుకుంటాం" అని రెండు వందల పేజీల నోటుబుక్కు తెరిచి కూర్చున్నారు. గిన్నె వంట మా డ్వాక్రా సంఘం అక్కలు వంతులు వేసుకుని చేశారు. పిల్లలు పెట్టి వచ్చాక రోజూ రాత్రి ఆ నోటుబుక్కు పేజీని ఫోటో తీసి నాకు పంపేవారు. ఒక పేజీ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. "జున్ను తిన్నది. నల్లోడు సగం వదిలేశాడు, వాంతి లేదు. మచ్చల రాణి రాలేదు. ట్యూషన్ అయ్యాక మళ్ళీ వెళ్ళాం, గుడి వెనకాల ఉంది, తిన్నది." నోటి పూతతో మంచినీళ్ళు కూడా దిగని రాత్రుల్లో నేను ఆ పేజీలు చదువుకుని నిద్రపోయాను. ఏ బలం మందు గురించి ఎవరు అడిగినా నేను ఈ పిల్లల నోటుబుక్కు పేరే చెబుతాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆగస్టు నెలలో ఢిల్లీ వీధి కుక్కలపై సుప్రీంకోర్టు 11వ తేదీన ఇచ్చిన ఆదేశమూ, దాన్ని సవరిస్తూ 22న ఇచ్చిన ఆదేశమూ ఊరూరా వాదాలు రేపాయి. వీధిలో కుక్కకు అన్నం పెట్టేవారిని నిలదీయడం మా దగ్గరా ఎక్కువైంది. అప్పుడు నేను మంచం మీద ఉన్నాను. నా బదులు మాట పడ్డవారు మా షెల్టర్ సహచరులు. కరుస్తాయేమోనని భయపడేవారి భయాన్ని తీసిపారేయకుండా ఇంటింటికీ వెళ్ళి మాట్లాడి, మిగిలిపోయిన ఆరు కుక్కలకు ఆపరేషన్లూ, అన్నింటికీ రేబిస్ టీకాలూ పూర్తి చేయించి, జనం నడవని గోడ పక్కకు తిండి పెట్టే చోటును మార్పించారు. ఇది నేను పదకొండేళ్ళలో చేయలేకపోయిన పని.

ఇక డబ్బు లెక్క. ఇది చెప్పడం నా బాధ్యత. వైద్య సేవ పథకం కింద వచ్చింది పోను మిగతా ఖర్చుల కోసం మీరు పంపిన మొత్తం 3,42,600 రూపాయలు. అందులో స్కాన్లకూ పరీక్షలకూ 96,400, బయట కొన్న మందులకూ తెల్ల రక్తకణాల కౌంట్ పెంచే ఇంజెక్షన్లకూ 1,18,750, ప్రయాణాలకూ తోడు వచ్చినవారి భోజనాలకూ 31,200, కుక్కల తిండికీ టీకాలకూ 54,300 ఖర్చయ్యాయి. 41,950 రూపాయలు మిగిలాయి. బిల్లులన్నీ షెల్టర్ ఆఫీసులో ఫైలులో పెట్టాను, ఎవరైనా చూడవచ్చు. యాభై రూపాయలు పంపి "ఇంతే పంపగలిగాను, క్షమించండి" అని రాసిన ఒక తల్లి సందేశం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అమ్మా, ఆ యాభైతో ఒక పూట నూకలు వచ్చాయి.

మూడో సైకిల్ తర్వాత రక్తం ఎక్కించవలసి వచ్చినప్పుడు ఇద్దరు కావాలంటే తొమ్మిదిమంది వచ్చారు. కంచరపాలెం నుంచి ఎన్ఏడీ, గాజువాక మీదుగా అగనంపూడికి ఆరుసార్లు తీసుకువెళ్ళి, సాయంత్రం దాకా గేటు బయట వేచి ఉండి తీసుకువచ్చిన ఆటో అన్నయ్య మాత్రం పైన రాసిన లెక్కలో లేరు. డీజిల్‌కైనా తీసుకోమంటే "మీ దగ్గర డబ్బులేటి తీసుకుంటానమ్మా, మా ఇంటి కుక్క కాలు కట్టించింది మీరే కదా" అన్నారు. నాకు ఆ కుక్క గుర్తు లేదు. ఆయనకు గుర్తుంది.

ఆరో సైకిల్ దీపావళి వెళ్ళిన రెండో రోజున అయింది. వారం తిరిగేసరికి, అక్టోబరు 28న మొంథా తుపాను వచ్చింది. నా కౌంట్ అట్టడుగున ఉన్న రోజులవి. కిటికీ మూసుకుని, ముఖానికి మాస్కుతో, వాన చప్పుడు వింటూ కూర్చున్నాను. హుద్‌హుద్ నాడు నేను రోడ్డు మీద ఉన్నాను, ఈసారి నాలుగు గోడల మధ్య ఉన్నాను. షెల్టర్‌లో నీరు చేరుతోందని సాయంత్రం తెలిసింది. రాత్రి పదకొండున్నరకు ఒక ఫోటో వచ్చింది. ఆఫీసు గదిలో బల్లల మీద, బెంచీల కింద, బీరువా పక్కన ఆపరేషన్ కుట్లు ఆరని కుక్కలన్నీ పొడి గోనెసంచుల మీద పడుకుని ఉన్నాయి. గోడకు ఆనుకుని తడి బట్టలతోనే నిద్రపోతున్న నలుగురు వాలంటీర్లు, వారిలో ఒకరి ఒడిలో మా వీధి జున్ను. పాల బూత్ దగ్గర నీళ్ళలో నిలబడి ఉంటే ఎత్తుకొచ్చారట. ఆ నలుగురికీ నేను ఏం చెప్పగలను? మీ తల్లిదండ్రులు మిమ్మల్ని చక్కగా పెంచారు.

రెండేళ్ళపాటు మూడు నెలలకు ఒకసారి పరీక్షలకు వెళ్ళాలి. షెల్టర్‌లోకి అడుగుపెట్టడానికి ఇంకా కొంతకాలం ఆగమన్నారు, ఆగుతాను. మిగిలిన 41,950 రూపాయలను షెల్టర్‌లో అంటు క్యాన్సర్ కుక్కల విన్‌క్రిస్టీన్ ఇంజెక్షన్లకు వాడాలని నా కోరిక. ఇచ్చినవారిలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఈ నెలాఖరులోగా నాకు తెలియజేయండి, వారి వాటా వారికి తిరిగి పంపుతాను.

పిల్లల నోటుబుక్కు రెండోది నడుస్తోంది. నిన్న రాత్రి పేజీలో చివరి వరుస ఇలా ఉంది. "జున్ను తిన్నది. ఆంటీ మేడ మీద నుంచి పిలిస్తే తల ఎత్తింది."