వాల్వులో ఎర్ర పాదరసం లేదు, పగలగొట్టకండి

సంపాదకులు గారికి,

పాత రేడియో వాల్వులో (లోపల వెలిగే గాజు గొట్టంలో) ‘ఎర్ర పాదరసం’ ఉంటుందట. వెల్లుల్లి చూపిస్తే వెనక్కి జరుగుతుందట, బంగారం చూపిస్తే దగ్గరికొస్తుందట, గ్రాము లక్షలు పలుకుతుందట. మిలిటరీ సెట్టులోదైతే రేటు ఇంకా ఎక్కువట. ఫోన్లలో తిరుగుతున్న ఈ వీడియోలు రైస్ పుల్లింగ్ చెంబు కథకు తమ్ముళ్లు. వీటిని నమ్మి కోనసీమలో అటకల మీది యుద్ధకాలపు సెట్లను దించి, వాల్వులు పగలగొట్టి, మిగిలింది పాత ఇనుము కొట్టుకు తూకానికి వేస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం.

వాల్వు పనిని చేసే చిన్న భాగం ట్రాన్సిస్టరు పుట్టింది 1947 డిసెంబరులో. కాబట్టి 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ మీద బాంబులు వేసిన నాటికి ట్యాంకులోనైనా, విమానంలోనైనా, ఓడలోనైనా వైర్‌లెస్ అంటే వాల్వే. వాల్వు లోపల ఉండేది శూన్యం. నడిమధ్య వేడెక్కే తీగ, దాని చుట్టూ బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత పూసిన క్యాథోడు, ఆపైన సన్నతీగ గ్రిడ్లు, బయట ప్లేటు అనే లోహపు రేకు. ఎర్రగా కనబడేది కాలుతున్న తీగ వెలుగు, అంతే. గాజు లోపల అద్దంలా మెరిసే మచ్చను చూసి పాదరసం అనుకుంటున్నారు. అది గెట్టరు, అంటే మిగిలిన గాలిని పీల్చడానికి వేసిన బేరియం పూత. ఆ మచ్చ పాలలా తెల్లబడితే గాజు ఎక్కడో చిట్లి గాలి చొరబడినట్టు. ఆ వాల్వు ఇక పనికిరాదు.

ఊదారంగులో వెలిగేవి వీఆర్150 వంటి వోల్టేజీ రెగ్యులేటర్లు, అంటే వోల్టేజీని నిలకడగా ఉంచేవి. వాటిలో ఉన్నది వాయువు. ట్రాన్స్‌మిటర్లలో వాడే 807 వాల్వు గాజు గోడ మీద లేత నీలం మెరిస్తే కంగారు పడక్కర్లేదు. అదే నీలం లోపలి రేకుల మధ్య కమ్ముకుంటే వాల్వులో గ్యాసు చేరినట్టు. పాదరసం నిజంగా ఉండేది 866 లాంటి పెద్ద రెక్టిఫయర్లలో, అంటే ఏసీని డీసీగా మార్చే వాల్వుల్లో. అదీ థర్మామీటర్లో ఉండే తెల్ల పాదరసమే. దాన్ని పగలగొడితే డబ్బు రాదు, పీల్చిన ఆవిరి మాత్రం ఒంట్లో చేరుతుంది. పొరపాటున పగిలితే కిటికీలు తెరిచి పిల్లల్ని బయటికి పంపండి. చీపురుతో ఊడవకండి. చుక్కల్ని గట్టి కాగితంతో ఒకచోటికి చేర్చి మూతబిగించే సీసాలో వేయండి. ఇక ఎర్రగా ఉండే పాదరసం అంటారా, అది ఇంగిలీకం. గంధకంతో కలిసిన ఖనిజం, అందులో మాయ ఏమీ లేదు.

మోసగాళ్లు చూపించే మరో రెండు ‘రుజువుల’ గురించీ చెప్పాలి. ఒకటి, ఎర్రరంగు లోహపు తొడుగున్న పొట్టి వాల్వు. అది ఈఎఫ్50. ఫిలిప్స్ వాళ్లు హాలెండులో రూపొందించింది. 1940లో జర్మన్ సైన్యం అక్కడికి చేరకముందే కొంత సరుకును ఇంగ్లండుకు తరలించారు, బ్రిటిష్ రాడార్లకు అదే ప్రాణమైంది. తర్వాత అమెరికాలో సిల్వేనియా చేసినవాటికి ఎర్రరంగు వేశారు. ఎరుపు ఆ రంగుదే, లోపల మామూలు వాల్వే. రెండోది, ముందు పలక మీద రష్యన్ అక్షరాలున్న పెట్టె. అది నంబర్ 19 సెట్టు, బ్రిటిష్ ట్యాంకుల వైర్‌లెస్. సోవియట్ సైన్యానికి పంపడానికి కెనడాలో చేసినవాటి మీద ఇంగ్లిషు పక్కనే రష్యన్ కూడా అచ్చువేశారు. ‘రష్యా అణు సామాను’ అనడానికి అందులో ఏమీ లేదు.

ఆ 19 సెట్టు నిజంగా చూడదగ్గ పనితనం. ఒకే పెట్టెలో మూడు పనులు. ‘ఎ’ సెట్టు 2 నుంచి 8 మెగాహెర్ట్జ్‌ల మీద దూరపు మాటకూ మోర్సుకూ, ‘బి’ సెట్టు 230 మెగాహెర్ట్జ్‌ల దగ్గర పక్క ట్యాంకుతో దగ్గరి మాటకు, మూడోది ట్యాంకు లోపలి మనుషులు మాట్లాడుకోవడానికి. కరెంటు 12 వోల్టుల బ్యాటరీ నుంచి. వైబ్రేటరు గానీ డైనమోటరు (మోటారు, జనరేటరు కలిసిన యంత్రం) గానీ దాన్ని రిసీవరుకు 275 వోల్టుల దాకా, ట్రాన్స్‌మిటరుకు 500 వోల్టుల పైచిలుకుకు పెంచుతుంది. అంటే దీన్ని గోడ ప్లగ్గులో పెట్టడానికి లేదు. లాంకాస్టర్ బాంబర్లలో వాడిన ఆర్1155 రిసీవరూ అంతే, విడిగా సప్లై కట్టాలి. హీటర్లకు 6.3 వోల్టులు, హెచ్‌టీకి, అంటే ప్లేట్లకు ఇచ్చే హై వోల్టేజీకి, సుమారు 220. ఏఆర్88 లాంటి నేల స్టేషన్ రిసీవర్లలోనే మెయిన్స్ (ఇంటి కరెంటు) ట్రాన్స్‌ఫార్మరు లోపలే ఉంటుంది. దాని ట్యాపు (వోల్టేజీ ఎంచుకునే కనెక్షను) ఏ వోల్టేజీ మీద ఉందో చూడకుండా 230 ఇవ్వకండి. పద్నాలుగు వాల్వుల ఆ సెట్టు 45 కిలోలు తూగుతుంది, ఎత్తేటప్పుడు ఇద్దరుండాలి.

సెట్టు దొరికిన ఉత్సాహంలో ‘పలుకుతుందా’ అని స్విచ్చి వేసేవాళ్లే వీడియో నమ్మినవాళ్లకన్నా ఎక్కువ నష్టం చేస్తున్నారు. డెల్టా గాలి సంగతి తెలిసిందే. అంతర్వేది నుంచి యానాం దాకా ఉప్పు, ఏడాదిలో సగం రోజులు చెమ్మ. యుద్ధంలో బర్మా, న్యూగినీ అడవుల్లో కూడా ఇదే బాధ. బూజు పట్టి, చెమ్మ చేరి సెట్లు చచ్చిపోతుంటే లోపలంతా బూజు నిరోధక వార్నిషు కొట్టడం మొదలుపెట్టారు. ఛాసిస్ (లోపలి లోహపు చట్రం) మీద పసుపుపచ్చ పూత కనబడితే అది మురికి కాదు, గీకకండి.

చెమ్మ ముందు తినేది మైనం పూసిన కాగితపు కండెన్సర్లను. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ముందు వాల్వు ప్లేటు నుంచి అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు వెళ్లే 0.01 మైక్రోఫారడ్ కండెన్సరు. అది కొద్దిగా లీకైనా గ్రిడ్డు మీదికి పాజిటివ్ వోల్టేజీ వస్తుంది, 6వీ6 వంటి ఆ అవుట్‌పుట్ వాల్వు మితిమీరి కరెంటు లాగుతుంది, ప్లేటు ఎర్రబడుతుంది, చివరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. వాల్వు ఎలాగోలా దొరుకుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మరు దొరకదు. పరీక్ష తేలికే, కింద చెప్పిన జాగ్రత్తలతో కరెంటు ఇచ్చినప్పుడు చేయండి. గ్రిడ్డు వైపు కాలు విడదీసి, సెట్టు వేడెక్కాక ఆ కాలుకూ ఛాసిస్‌కూ మధ్య డీసీ చూడండి. దాదాపు సున్నా రావాలి. ఒక వోల్టు ఉన్నా మార్చాల్సిందే. 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సరు వేస్తే చాలు. మైకా కండెన్సర్ల జోలికి వెళ్లకండి, చాలావరకు బాగానే ఉంటాయి. రేకు డబ్బాల్లోని నూనె కండెన్సరు కారుతుంటే ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, ఆ కాలపు నూనెలో పీసీబీ అనే విష రసాయనం ఉండవచ్చు.

కార్బన్ రెసిస్టెన్సుల విలువ చెమ్మకు పెరుగుతుంది. లక్ష ఓంలది లక్షన్నర చూపిస్తుంది. 20 శాతం దాటినవి మార్చండి. ఆర్1155లో రబ్బరు తీగలు మరో తలనొప్పి. వంచితే పెంకులా రాలి లోపలి రాగి ఛాసిస్‌కు తగులుతుంది. కదపకముందే ఫొటో తీసి ఒక్కో తీగే మార్చండి.

కరెంటు ఇచ్చే ముందు అన్ని వాల్వులూ తీసి, ఏది ఎక్కడిదో రాసుకోండి. 6కె7, 6వీ6 లకు 2, 7 పిన్నుల మధ్య మల్టీమీటరు రెండు మూడు ఓంలు చూపించాలి. తెగిపోయినట్టు చూపిస్తే హీటరు పోయినట్టే. సాకెట్లు, బ్యాండ్ స్విచ్చీలు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. గరుకు కాగితం పెడితే వెండి పూత పోతుంది. కిరసనాయిలు, కొబ్బరినూనె రెండూ వద్దు, తేలికగా తిరుగుతోందని మురిసిపోతే నెల తిరక్కుండా దుమ్ము పట్టి జిగురవుతుంది.

మెయిన్స్ సెట్టయితే ఫేజుకు 60 వాట్ల ఫిలమెంటు బల్బు సిరీస్‌లో పెట్టండి. ఎల్‌ఈడీ పనికిరాదు. వాల్వులు లేకుండా ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే అయితే బల్బు వెలిగీ వెలగనట్టుండాలి. నిండుగా వెలిగితే ట్రాన్స్‌ఫార్మరులోనో, దాని వెనకో షార్టు ఉన్నట్టు. డిమ్మర్‌స్టాటుతో (వోల్టేజీని పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరుతో) మెల్లగా పెంచితే చాలనుకోవడం సగమే నిజం. వాల్వు రెక్టిఫయరు తన హీటరుకు తగినంత వోల్టేజీ వచ్చేదాకా ఏమీ ఇవ్వదు, తర్వాత ఒక్కసారిగా ఇచ్చేస్తుంది. ఏళ్లుగా వాడని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లను మళ్లీ పనికి తేవాలంటే ప్రత్యేకంగా డీసీని 47 వేల ఓంల రెసిస్టెన్సు ద్వారా గంటల తరబడి ఇవ్వాలి. లీకేజీ తగ్గుతూ రాకపోతే వదిలేయండి. బ్యాటరీ సెట్టయితే ఫ్యూజు లేకుండా కారు బ్యాటరీకి కలపవద్దు. డైనమోటరులో గ్రీజు రాయిలా గట్టిపడి ఉంటుంది, తీసి కొత్తది పెట్టాకే తిప్పండి.

ఒక హెచ్చరిక మాత్రం మరిచిపోవద్దు. రిసీవరు వాల్వు నెత్తిమీది టోపీని వేలితో తాకి ‘గుయ్’ మంటుందా అని చూడటం పాత మెకానిక్కుల అలవాటు. 6కె7కు అది గ్రిడ్డు, అక్కడ ఏమీ కాదు. 807 కూడా అలాగే ఉంటుంది గానీ దాని టోపీ ప్లేటు, 500 వోల్టులు. ఆపిన తర్వాత కూడా ఫిల్టరు కండెన్సర్లను 10 వేల ఓంల 10 వాట్ల రెసిస్టెన్సుతో ఖాళీ చేసి, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి. విమానం సెట్లలో చీకట్లో మెరిసే ముళ్లు, అంకెలు కనబడితే ఆ అద్దం తెరవకండి. అది రేడియం రంగు, పొడి పీలిస్తే ప్రమాదం.

పంపే భాగం ఉన్న సెట్టుకు లైసెన్సు కావాలని 1933 వైర్‌లెస్ చట్టం నుంచీ ఉంది. అమెచ్యూర్ (హ్యామ్, అంటే సరదాకు వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్ల) లైసెన్సు లేనివాళ్లు 19 సెట్టుతో ప్రసారం చేయకూడదు. వినడానికి రెండు కొబ్బరిచెట్ల మధ్య చెరో 10 మీటర్ల తీగ, నడుమ నుంచి కోయాక్సియల్ కేబులు. 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్‌ల మధ్య సాయంత్రం హ్యాముల మాటలు వస్తాయి. కొబ్బరిచెట్లు గాలికి ఊగుతాయి కనుక తీగను బిగించి కట్టకండి. ఒక కొసను కప్పీ మీదుగా తాడుతో దించి బరువు వేలాడదీయండి. ఉరుముల వేళ తీగను సెట్టు నుంచి ఊడదీయాలి. ఆర్1155 గానీ ఏఆర్88 గానీ అయితే 837 కిలోహెర్ట్జ్‌ల దగ్గర విజయవాడ ఆకాశవాణిని వెతకండి. ముల్లు 837 మీద కాక పక్క అంకె మీద ఉండగా స్టేషను స్పష్టంగా వినబడితే ఐఎఫ్ (సెట్టు లోపలి మధ్యస్థ ఫ్రీక్వెన్సీ) మరలు తిప్పకండి. తప్పు చాలావరకు ఆసిలేటరు సర్దుబాటులో ఉంటుంది, ముందు దాన్ని సరిచేయండి.

ఇట్లు,
పాత వాల్వు రేడియోలు బాగుచేసే కొందరం,
అమలాపురం